ఒంటి తుమ్ము, జంట రాజులు

మల్లికార్జునరావు రాగం తీస్తే ఫార్మింగ్టన్ హిల్స్‌లో గరాజ్ తలుపులు వాటంతట అవే తెరుచుకుంటాయి. ఇవన్నీ కోతలని కొట్టిపారేసేవాళ్లు ఆ వీధిలోనే ఉన్నారు. కాస్త గట్టిగా నిలదీస్తే వాళ్లూ రెండు తలుపులు తెరుచుకున్న మాట ఒప్పుకుంటారు. మూడో ఇంటివాళ్లది తుప్పు పట్టిన తలుపు గనక కదల్లేదంటారు. ఒక ఏడాది ఆయన పెరట్లో నిలబడి పై స్థాయి అందుకోగానే, గడ్డిలో మేస్తున్న కెనడా బాతులన్నీ ఒక్క ఊపున లేచి, వలసకు ఇంకా నెల గడువుందని తెలిసి కూడా, నది దాటి సొంత దేశం వెళ్లిపోయాయి.

గాత్రం అలాంటిది. మనిషి మాత్రం మహా జాగ్రత్తపరుడు. ఆయన ఉద్యోగం కార్లను గోడకు గుద్దించడం. కార్ల కంపెనీలకు సీట్లు చేసి ఇచ్చే ఒక సంస్థలో టెస్ట్ ఇంజినీరు. కారులో మనిషంత బొమ్మను కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, భుజం తట్టి, "ఏమీ కాదులే బాబూ" అని చెవిలో చెప్పి, పక్కకు తప్పుకుని బటన్ నొక్కుతాడు. కారు వెళ్లి గోడను కొడుతుంది. ముప్పై ఏళ్లుగా అదే పని. వేగంగా వచ్చేది దేన్నైనా ఎదుర్కోవడమంటే ఏమిటో ఆయనకు తెలిసినంతగా మిషిగన్‌లో మరొకరికి తెలియదు. అందుకే హైవే మీద కుడివైపు లేన్ వదలడు. ఆయన కారు వెనక చిక్కుకున్నవాళ్లలో ఇద్దరికి మాటామాటా కలిసి పెళ్లయిందని కూడా చెప్పుకుంటారు.

ఇంత జాగ్రత్తపరుడికీ ఒక్క పిచ్చి ఉంది: పద్యం. కాలేజీలో చదివే రోజుల్లో పౌరాణిక నాటకంలో ఆయనకు ద్వారపాలకుడి వేషం ఇచ్చారు. మూడు గంటల నాటకంలో ఈటె పట్టుకుని నిలబడటమే పని. పక్కన రాజులూ మంత్రులూ గుక్క తిప్పుకోకుండా పద్యాలు లాగిస్తుంటే, వాటన్నిటినీ బట్టీ పట్టేశాడు. పాడమన్నవాడు మాత్రం ఒక్కడూ లేడు. అమెరికా వచ్చాక తెలుగు సంఘం వాళ్లు ఉగాదికి ఎవరికైనా మూడేసి నిమిషాలిస్తారని తెలిసి పేరిచ్చాడు. మూడు నిమిషాల్లో ఆయన రాగం సగానికి కూడా రాదు. రాగం శిఖరం మీద ఉండగా మైకు ఆపేస్తారు. ఆయన నమస్కారం పెట్టి దిగిపోతాడు. ప్రతి ఏడూ ఇదే వరస. ఆయన పాడేది ఏ పద్యమో, అందులో మాటలేమిటో, అసలు మాటలున్నాయో లేదో ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు. "ఆ" అన్న అక్షరం దాటి ఎవరూ వినలేదు.

ఆ చలికాలం సంఘం సాంస్కృతిక కార్యదర్శి శశికాంత్ వాట్సాప్‌లో ఒక ప్రకటన పెట్టాడు. శశికాంత్‌ది వరంగల్. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మిగతా వేళల్లో మిమిక్రీ. రైలు కూత, ప్రెషర్ కుక్కర్ విజిల్, వీసా ఇంటర్వ్యూ గదిలో నిశ్శబ్దం, అన్నీ చేస్తాడు. ఆ నిశ్శబ్దం చేసినప్పుడు జనం నిజంగానే వణికిపోతారు. ప్రకటన ఇదీ: మంచులో ఎవరూ ఇల్లు కదలక్కర్లేకుండా శనివారం మధ్యాహ్నం ఆన్‌లైన్‌లో పోకర్ టోర్నమెంటు. డబ్బు పందెం లేదు, చిప్స్ అనే ఉత్తుత్తి బిళ్లలే. అందరూ జూమ్‌లో కనపడుతూ, వినపడుతూ ఆడాలి. గెలిచినవాళ్లకు ఉగాది వేదిక మీద ఇరవై నిమిషాలు. ఏ అంశమైనా సరే. మైకు ఎవరూ ఆపరు.

శశికాంత్‌కి ఆ ఇరవై నిమిషాలూ తన మిమిక్రీకే కావాలి. పోకర్‌లో తనను మించినవాడు సంఘంలో లేడని అతని ధీమా. తనకు తానే ఇచ్చుకుంటే బాగుండదని ఈ దారి తొక్కాడు.

మల్లికార్జునరావు ఆ ప్రకటన రెండుసార్లు చదివి, కళ్లజోడు తుడుచుకుని మూడోసారి చదివాడు.

"మైకు ఆపరట," అన్నాడు.

కూరగాయలు తరుగుతున్న నాగమల్లేశ్వరి కత్తి ఆపింది. ఆయనతో ఇన్నేళ్లు కాపురం చేసిన ఆవిడకు ఆ మాట వినగానే విషయం అర్థమైపోయింది.

"ఏవండీ, పోకర్ అంటే పేకాట. మీరు రమ్మీలో జోకర్ పడితేనే కంగారుపడి వదిలేస్తారు."

"నేర్చుకుంటాను."

"ఇరవై నిమిషాలే! చిన్నపిల్లలుంటారండీ. గర్భిణీలుంటారు."

"మాటలతో సహా పాడతాను నాగూ. మాటలతో సహా!"

ఆవిడ దేవుడి గది వైపు చూసింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో దేవుడికి రెండు రకాల అర్జీలు వెళ్లడం మొదలైంది.

నేర్పే బాధ్యత కూతురు నైనిక తీసుకుంది. అక్కడే పుట్టి పెరిగిన పిల్ల. ఉద్యోగంలో చేరి ఏడాది అయింది, సెలవు పెట్టి ఇంటికొచ్చింది.

"డాడీ, చాలా ఈజీ. నీకు రెండు కార్డ్స్ వస్తుంది, ఎవరికీ కనపడదు. మధ్యలో ఐదు వస్తుంది, అందరికీ కనపడుతుంది. అన్నీ కలిపి బెస్ట్ ఐదు ఎవరికి ఉంటే వాళ్లు విన్. నీ రెండు కార్డ్స్ సేమ్ అయితే, అది జత. పెద్ద జత అయితే చాలా మంచిది."

"ఎవడో ఉన్న చిప్సన్నీ ముందుకు తోసేస్తే?"

"దట్ ఈజ్ ఆల్-ఇన్. నువ్వు భయపడాలని తోస్తారు. రెండు ఆసులు, రెండు రాజులు ఉంటే ఎవరు తోసినా నువ్వు కాల్ చెయ్, అంటే నువ్వూ అన్ని చిప్స్ పెట్టు. నో థింకింగ్. రాణులు కూడా ఆల్మోస్ట్ అంతే. జాకీలు, పదులు అయితే చూడాలి. చిప్స్ అయిపోతున్నవాడు ఏ కార్డ్స్ ఉన్నా తోసేస్తాడు. చాలా చిప్స్ ఉన్నవాడు అందరికన్నా ముందే తోస్తే, అతని దగ్గర ఏదో ఉంది."

"అంటే వచ్చేది ఖాళీ బండా, లోడు లారీయా చూసుకోవాలన్నమాట."

"యెస్! డాడీ, యూ గెట్ ఇట్!"

"ఆసులుంటే తప్పకుండా గెలుస్తామా?"

"ఒక్కడితో అయితే, ఐదుసార్లలో ఫోర్ టైమ్స్ నువ్వే."

"ఐదోసారి?"

"ఐదోసారి లూజ్."

మల్లికార్జునరావు కుర్చీలో వెనక్కి వాలాడు. "ఐదు కార్లలో ఒకదానికి బ్రేకు పడదంటే ఆ కారు రోడ్డెక్కనిస్తారటమ్మా?"

"ఇది కార్ కాదు డాడీ! ఐదోసారి లూజ్ అయినా నువ్వు చేసింది రైటే. నువ్వు రైట్ చేసి లూజ్ అవ్వొచ్చు."

ఈ మాట ఆయనకు ఒక పూటంతా మింగుడు పడలేదు. సరైన పని చేసి కూడా గోడను గుద్దుకోవచ్చని, గుద్దుకున్నాక కూడా అది సరైన పనేనని చెప్పే శాస్త్రం ఆయన ఎక్కడా చదవలేదు. సాధన ఆటలో రెండు రాజులు వచ్చాయి. అవతల ఎవడో ఆల్-ఇన్ అన్నాడు. ఆయన బెల్టు సర్దుకుని, మర్యాదగా ఫోల్డ్ అని ముక్కలు వదిలేశాడు. నైనిక సోఫా దిండులో ముఖం పెట్టుకుని అరిచింది. వంటింట్లో నాగమల్లేశ్వరి హాయిగా నిట్టూర్చింది.

శనివారం వచ్చింది. బయట మంచు మోకాలి దాకా ఉంది. లాప్‌టాప్ తెర మీద ఒక పక్క ఆకుపచ్చ బల్ల, ఒక పక్క జూమ్ గడుల్లో ఊళ్లోని తెలుగు ముఖాలన్నీ. సంఘం అధ్యక్షురాలు సుధ గంట కొట్టి ఆట మొదలుపెట్టింది. ఆవిడ పిల్లల డాక్టరు. ఏడ్చేవాళ్లను చూసి నవ్వడం అలవాటు. తన ముక్కలు చూసుకుని కూడా అలాగే నవ్వుతుంది.

"అన్నా, పద్యం రెడీ చేస్కున్నవా?" అడిగాడు శశికాంత్.

"గొంతుకి మిరియాల కషాయం కూడా తాగానయ్యా."

జూమ్ గడుల్లో చాలా ముఖాలు ఒక్కసారి పాలిపోయాయి. అప్పటిదాకా సరదాకి ఆడదామని వచ్చినవాళ్లు కుర్చీలు ముందుకు జరుపుకున్నారు.

మొదటి గంటంతా మల్లికార్జునరావు కుడివైపు లేన్‌లోనే నడిపాడు. వచ్చినవి వచ్చినట్టు వదిలేశాడు. అప్పుడు పడ్డాయి రెండు ఆసులు. నోవైలో ఉండే దంతవైద్యుడు, చిప్స్ అడుగంటినవాడు, ఆల్-ఇన్ అన్నాడు. బల్ల మీద ప్రతి ఆటగాడికీ ఆలోచించుకోవడానికి ఒక గడియారం తిరుగుతుంది. అది అయిపోతే ముక్కలు వాటంతట అవే ఫోల్డ్ అయిపోతాయి.

"డాడీ, ఖాళీ బండి!" గుసగుసలాడింది నైనిక.

ఆయన కళ్లు మూసుకుని, "ఏమీ కాదులే బాబూ" అని తనకు తానే చెప్పుకుని, కాల్ నొక్కాడు. దంతవైద్యుడి దగ్గర ఒక రాజు, ఒక తొమ్మిది. మధ్యలో ఏం పడ్డా ఆసుల జత చెక్కుచెదరలేదు. జీవితంలో మొదటిసారి ఢీకొట్టి నిలబడ్డ ఆనందంలో మల్లికార్జునరావు నోట ఒక చిన్న స్వరం జారింది. జూమ్‌లో ఎవరి హెడ్‌ఫోన్లు వాళ్లు పీకేసుకున్నారు. సుధ ఆయన మైకు కాసేపు మ్యూట్ చేసి, నవ్వాగక తన మైకు కూడా మ్యూట్ చేసుకుంది.

ఇక ఆయన్ని పట్టలేకపోయారు. చిన్న జతలతో తోసినవాళ్లు ఆయన పెద్ద జతలకు బోల్తాపడ్డారు. ఆఖరికి నలుగురు మిగిలారు: ఆయన, శశికాంత్, సుధ, లివోనియాలో ఉండే ఒక బ్యాంకు ఉద్యోగి.

అక్కడ పడ్డాయి రెండు రాణులు. శశికాంత్ ఆల్-ఇన్ అన్నాడు. మల్లికార్జునరావు వేలు కాల్ మీదికి వెళ్లింది. వెళ్తూ ఉండగా శశికాంత్ తుమ్మాడు. మంచు కాలం, జలుబు, నిజమైన తుమ్ము. ఒక్కటే ఒక్కటి.

వేలు గాలిలో ఆగిపోయింది.

"డాడీ, కాల్! రాణులు!" చెవిలో గుసగుసలాడింది నైనిక.

"ఉండమ్మా. కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి..."

"నువ్వు కూర్చునే ఉన్నావు!"

గడియారం తిరిగి ఆగింది. రాణులు రెండూ తెర మీద నుంచి మాయమైపోయాయి.

"ఏందన్నా, నిద్రవోయినవా?" అన్నాడు శశికాంత్.

సరిగ్గా అప్పుడే నాగమల్లేశ్వరి బజ్జీల పళ్లెంతో గదిలోకి వచ్చింది. "నువ్వు ఒంటి తుమ్ము తుమ్మావు కదయ్యా శశీ. మీ అన్నయ్య ఇక కదలరు. మా పెళ్లికి బయల్దేరుతుంటే ఎవరో తుమ్మితే, బ్యాండువాళ్లను కూడా కూర్చోబెట్టి మంచినీళ్లు తాగించారు. వెంటనే రెండో తుమ్ము పడితే దోషం పోతుంది గానీ, ఒక్కటైతే మాత్రం..."

ఆవిడ అమాయకంగా అన్నదో, కావాలనే అన్నదో ఎవరికీ తెలియదు. పళ్లెం అక్కడ పెట్టి చాలా తేలికైన అడుగులతో వెళ్లిపోయింది.

జూమ్ గడిలో శశికాంత్ ముఖం దీపావళి మతాబులా వెలిగింది.

ఇక అక్కడి నుంచి తుమ్ములే తుమ్ములు. శశికాంత్ ఆల్-ఇన్ అంటాడు, తుమ్ముతాడు. ఒకసారి రిటైరైన హెడ్మాస్టరు తుమ్ము. ఒకసారి పాలు తాగే పసిబిడ్డ తుమ్ము. ఇంకోసారి ఆఫీసు మీటింగులో మేనేజరు ముందు ఆపుకోబోయి ఆగని తుమ్ము. నిజమైన తుమ్ముల కన్నా నిజంగా ఉన్నాయి అవి. లివోనియా బ్యాంకు ఉద్యోగి ప్రతిసారీ పొరపాటున "బ్లెస్ యూ" అన్నాడు. ఎన్ని రకాలు తుమ్మినా, ఆల్-ఇన్‌కి ఒక్కటే. రెండోది పడకుండా ముక్కు పట్టుకుని కూర్చునేవాడు.

మల్లికార్జునరావు చిప్స్ ఎండలో పెట్టిన మంచుగడ్డలా తరిగిపోసాగాయి.

"డాడీ, శశి అంకుల్ సౌండ్ మ్యూట్ చేసేద్దాం."

"తప్పమ్మా. సీటు బెల్టు అలారం మోగుతోందని తీగ పీకేసేవాళ్లని ముప్పై ఏళ్లుగా తిడుతున్నాను. ఇప్పుడు నేనే పీకనా?"

"మరి త్వరగా వాటర్ తాగు! గడియారం అయిపోయే లోపల!"

అదీ ప్రయత్నించాడు. తుమ్ము పడగానే గ్లాసు ఎత్తాడు, పొలమారింది. ఆ దగ్గుకి టేబుల్ మీది బజ్జీలు ఎగిరి ఒకటి నైనిక ఒళ్లో పడింది. దగ్గు ఆగేసరికి జాకీలు రెండూ పోయాయి.

ఆ తర్వాత ఆటలో శశికాంత్ ఆల్-ఇన్ అన్నాడు. తుమ్మలేదు. మల్లికార్జునరావు పనికిమాలిన ముక్కలు వదిలేశాడు. బ్యాంకు ఉద్యోగి పదుల జతతో కాల్ చేశాడు. శశికాంత్ తిప్పితే రెండు ఆసులు. బ్యాంకు ఉద్యోగి అందరికీ ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పి ఆట నుంచి తప్పుకున్నాడు.

నైనిక చప్పున మైకు మ్యూట్ చేసింది. "డాడీ! ఇప్పుడు తుమ్మలేదు! ఎందుకంటే ఆసులు ఉంది. ఎవరైనా కాల్ చెయ్యాలి అతనికి. తుమ్మితే నువ్వు ఆగిపోతావు కదా. మంచి కార్డ్స్ ఉంటే తుమ్మడు!"

మల్లికార్జునరావు కళ్లజోడు సవరించుకున్నాడు. ఈ భాష ఆయనకు వచ్చు. రెండు ఆటల తర్వాత పరీక్ష కూడా పెట్టుకున్నాడు. చేతిలో తొమ్మిదుల జత. శశికాంత్ తోశాడు, తుమ్మలేదు. ఆయన తొమ్మిదులు వదిలేశాడు. శశికాంత్ అసహనంగా తన ముక్కలు తిప్పి చూపించాడు, రెండు రాజులు.

"తుమ్మకపోతే లోడు లారీ," అన్నాడు మల్లికార్జునరావు నెమ్మదిగా. "తుమ్మితే ఖాళీ బండి."

"నెక్స్ట్ టైమ్ తుమ్మగానే కాల్ చెయ్, ఓకే?"

"అదేనమ్మా. బుర్రకి తెలిసింది. వేలికి ఎలా చెప్పాలి?"

దేవుడి దయవల్ల సుధకి తుమ్మే అలవాటు లేదు. ఆవిడ నవ్వుతూ ఆల్-ఇన్ అంది. ఆయన దగ్గర మళ్లీ జాకీలు. నవ్వుకి దోషం లేదు గనక వేలు చక్కగా కదిలింది. జాకీలు నిలబడ్డాయి. సుధ, "రావుగారూ, ఉగాది రోజు నాకు డ్యూటీ ఉందేమో చూసుకుంటాను," అని నవ్వుతూ తప్పుకుంది. ఆ దెబ్బతో ఆయన చిప్స్ కోలుకున్నాయి. ఇద్దరే మిగిలారు. ఇద్దరి గుట్టలూ దాదాపు సమానం. తూకం వేస్తే ఆయనది పిసరంత ఎక్కువ.

ఓడిపోయినవాళ్లు కూడా ఎవరూ జూమ్ వదిలి వెళ్లలేదు. ఉగాది నాటి తమ చెవుల భవిష్యత్తు తేలిపోబోతోంది మరి.

ముక్కలు పడ్డాయి. ఇస్పేటు రాజు. పక్కన కళావరు రాజు. మల్లికార్జునరావుకి గుండె గొంతులోకి వచ్చి, అక్కడ కషాయం తగిలి వెనక్కి పోయింది.

శశికాంత్ ఉన్నదంతా తోశాడు. తోసి, ఛాతీ నిండా గాలి పీల్చుకుని, తన జీవితంలోకెల్లా గొప్ప తుమ్ము తుమ్మాడు. అందులో జమీందారు హుందాతనం ఉంది, ఎద్దు రంకె ఉంది, పాత బస్సు స్టార్ట్ అయిన ధ్వని ఉంది. ఆయన లాప్‌టాప్ తెర నిజంగానే వెనక్కి వంగిందని నైనిక ఇప్పటికీ చెబుతుంది.

ఒక్కటే తుమ్ము.

"డాడీ," అంది నైనిక, అరవడం కూడా మర్చిపోయి. "రాజులు."

ఆయన వేలు కాల్ మీద గింజంత ఎత్తులో ఆగి ఉంది. వచ్చేది ఖాళీ బండి అని తెలుసు. బొమ్మకి కూడా ఏమీ కాదని తెలుసు. వేలు మాత్రం చిన్నప్పుడు నాయనమ్మ చెప్పిన తుమ్ము దోషం మాటే వింటోంది.

గడియారం సగానికి వచ్చింది.

"పోనీలేమ్మా," అన్నాడాయన, ఎవరికీ వినపడదనుకుని. "మూడు నిమిషాలు చాల్లే. అలవాటే కదా."

గుమ్మంలో నిలబడిన నాగమల్లేశ్వరికి వినపడింది. పొయ్యి మీద పెట్టిన నూనె సంగతి మర్చిపోయి చూడటానికి వచ్చింది ఆవిడ, తన మొక్కు ఫలించే క్షణం చూద్దామని. తీరా చూస్తే కుర్చీలో ఒక ద్వారపాలకుడు కనిపించాడు. ఈటె ఒక్కటే తక్కువ. ఇన్నేళ్లు స్టేజి దిగి వచ్చి పక్క సీట్లో కూర్చుని, "ఈసారి కాస్త ఎక్కువ పాడనిచ్చారు కదూ?" అని అడిగే మనిషి. ప్రతిసారీ "అవునండీ" అని అబద్ధం చెప్పింది తనే.

నాగమల్లేశ్వరి గబగబా లాప్‌టాప్ దగ్గరికి వచ్చి, మ్యూట్ తీసి, మైకు మీదకు వంగి, "హాచ్," అంది.

అది తుమ్ము కాదు. రేషన్ షాపులో పేరు పిలిచినట్టుంది. ముక్కుకీ దానికీ ఏ సంబంధమూ లేదు. అయినా జూమ్ అంతా విన్నది.

"వదినా!" గావుకేక పెట్టాడు శశికాంత్. "గది దొంగ తుమ్ము!"

"నీది కాశీ నుంచి తెప్పించిన తుమ్మా?" అంది ఆవిడ. "నీది లెక్కకొస్తే నాదీ వస్తుంది. ఏవండీ, రెండయ్యాయి. నొక్కండి!"

ఆయన ఆవిడ వైపు చూశాడు. ఆవిడ నిజంగానే పెద్ద తుమ్ము తుమ్మినట్టు కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. గడియారంలో ఆఖరి గీత మిగిలింది. వేలు దిగింది.

కాల్.

శశికాంత్ ముక్కలు తిరగబడ్డాయి. ఒక ఆసు, ఒక నాలుగు. ఆసు పడితే మాత్రం రాజులు పోతాయి. మధ్యలో మొదటి మూడూ పడ్డాయి, ఏడు, జాకీ, రెండు. ఆసు లేదు. నాలుగో ముక్క తొమ్మిది. శశికాంత్ "ఆసు, ఆసు, ఆసు" అని తన గొంతుతో ఒకసారి, రైలు గొంతుతో ఒకసారి, రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంటు గొంతుతో ఒకసారి పిలిచాడు. జూమ్ గడుల్లో సగం మంది చేతులు జోడించారు, ఎవరి కోసమో చెప్పలేదు. ఐదో ముక్క పడింది. ఆఠీను పది.

రాజులు నిలబడ్డాయి.

నైనిక సోఫా మీద ఎక్కి గంతులేసింది. వంటింట్లో పొగ అలారం మోగింది, నూనె సంగతి అప్పుడు గుర్తొచ్చింది. నాగమల్లేశ్వరి పరుగెత్తింది. మల్లికార్జునరావు కుర్చీలోంచి లేచి, నోరు తెరిచి, పొగ అలారం శ్రుతికి సరిగ్గా కలిపి ఒక రాగం అందుకున్నాడు. వీధిలో గరాజ్ తలుపులు ఎన్ని తెరుచుకున్నాయో ఈసారి ఎవరూ లెక్క పెట్టలేదు.

ఉగాది దాకా బేరాలు నడిచాయి. సంఘం వాళ్లు వచ్చి, ఇరవై నిమిషాలు వదులుకుంటే ఏడాది పొడుగునా వీఐపీ పార్కింగ్ ఇస్తామన్నారు. ఆయన కుదరదన్నాడు. శశికాంత్ మాత్రం మాటంటే మాటే అన్నాడు. ఉగాది నాడు మైకు స్విచ్చి దగ్గర తనే కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు. కమిటీ సభ్యుడొకాయన అటు చేయి చాపబోతే, అచ్చం కుక్కలా గుర్రుమన్నాడు.

మల్లికార్జునరావు పట్టుపంచె కట్టుకుని వేదిక మీదకు వచ్చాడు. "ఆ" అన్నాడు. పార్కింగ్ లాట్‌లో కార్లన్నీ ఒక్కసారిగా అలారాలు మోగించాయి. తమ వాళ్లను గోడకు గుద్దించే మనిషిని అవి గుర్తుపట్టి ఉంటాయి. ఆయన పట్టించుకోలేదు. రాగం కొండెక్కింది, దిగింది, ఇంకో కొండ ఎక్కింది. మూడు నిమిషాలు అయ్యాయి. అలవాటు చొప్పున జనం చప్పట్లకు చేతులు ఎత్తారు. మైకు ఆగలేదు. ఎత్తిన చేతులు అలాగే ఉండిపోయాయి.

అప్పుడు పద్యం మొదలైంది. అందులో నిజంగానే మాటలున్నాయి. ఒకటి తర్వాత ఒకటి, స్పష్టంగా, ఏ మాటకు ఆ మాట వెలిగించినట్టు. వెనక వరసలో ఫోన్లు చూసుకుంటున్న కుర్రాళ్లు తలెత్తారు. సుధకి డ్యూటీ లేదు, ఉన్నా వెళ్లేది కాదేమో. చివరి పాదం మీద ఆయన గొంతు కాస్త పగిలింది. ఆ పగులు కూడా పద్యంలో భాగమే అనుకున్నారు చాలామంది.

ముందు వరసలో నాగమల్లేశ్వరి రెండు చెవుల్లోనూ దూది పెట్టుకుని కూర్చుంది, పూలజడ మాటున కనపడకుండా. ఒళ్లో చేత్తో తాళం వేస్తోంది. వినపడటం లేదు గనక తాళం పాటకి ఎక్కడా కలవలేదు. పద్యం అయిపోయి, జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నా, ఆవిడ ఆయన ముఖం వైపే చూస్తూ, ఇంకా పాడుతూనే ఉన్నాడనుకుని, తాళం వేస్తూనే ఉంది.